రిసీవర్ ఆన్ కావట్లేదా? ముందు ఆ "టక్" వినండి

ఇంటిల్లిపాదీ సినిమాకి కూర్చున్నాక హోమ్ థియేటర్ రిసీవర్ (సినిమా సౌండుని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె) బటన్ నొక్కితే ఎర్ర లైటు నాలుగుసార్లు మినుకుమని ఆరిపోయిందనుకోండి, మనం ఏం చేస్తాం? మళ్లీ నొక్కుతాం, ఇంకోసారి నొక్కుతాం. దయచేసి ఆ పని మానండి. లోపల నిజంగానే ఏదైనా షార్ట్ అయి ఉంటే, నొక్కిన ప్రతిసారీ కాస్త పాడైంది కాస్తా పూర్తిగా పోతుంది.

బాగున్న రిసీవర్ ఆన్ చేస్తే కొన్ని సెకన్లు ఆగి లోపల "టక్"మంటుంది. అది స్పీకర్ రిలే, అంటే స్పీకర్ల లైన్ని దానంతటదే కలిపే, విడదీసే చిన్న స్విచ్. స్పీకర్లకు వెళ్లే లైన్లో డీసీ (స్పీకర్‌ని కాల్చేసే ఒకే దిక్కు కరెంటు) గానీ షార్ట్ గానీ లేదని సర్క్యూట్ చూసుకున్నాకే ఆ రిలే కలుస్తుంది. కాబట్టి టక్ వచ్చిందా, రాకముందే ఆరిపోయిందా, వచ్చిన పది నిమిషాలకు ఆరిపోయిందా అన్నది గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

అసలు లైటే వెలగట్లేదంటే ముందు కరెంటు సంగతి చూడాలి. చాలామంది అదే సాకెట్లో సెల్ ఛార్జర్ పెట్టి "కరెంటు వస్తోంది" అనేస్తారు, కానీ ఛార్జర్ 100 వోల్టులకు కూడా హాయిగా పనిచేస్తుంది, దాని సాక్ష్యం చెల్లదు. మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లు దాన్ని ఏసీ వోల్టుల మీద పెట్టి చూడండి, 230కి అటూ ఇటూగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. కొన్ని మోడళ్లకు రిమోట్‌తో సంబంధం లేని మెయిన్ స్విచ్ వేరే ఉంటుంది, తుడిచేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఉండొచ్చు. ఇంకొకటి, అమెరికా నుంచి అబ్బాయి సూట్‌కేసులో తెచ్చిన రిసీవరైతే వెనకాల ఏం రాసుందో చదవండి. 120 వోల్టులని ఉంటే మన కరెంటుని 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టకూడదు, ఒకవేళ ఇప్పటికే పెట్టేసి ఉంటే ఇక ఈ గైడ్ అక్కర్లేదు, నేరుగా రిపేరుకే.

ఇదంతా బాగుంటే ప్లగ్ పీకి అరగంట వదిలేయండి. లోపలి ప్రాసెసర్ బిగుసుకుపోయిన కేసులు దీంతోనే లేచి కూర్చుంటాయి.

ఇక లైటు వెలిగి, టక్ రాకుండానో వచ్చీ రాగానేనో ఆరిపోతుంటే అది ప్రొటెక్షన్ మోడ్, అంటే తేడా కనిపెట్టి రిసీవర్ తనను తాను కాపాడుకోడానికి ఆరిపోవడం. మన వైజాగ్ వాళ్లకు దీనికి పెద్ద కారణం ఉప్పుగాలి. మాది లాసన్స్ బే కాలనీ, కిటికీ తీస్తే సముద్రమే. రెండేళ్ల క్రితం మా రిసీవర్ ఇలాగే మొరాయిస్తే షాపువాడు చూడకుండానే బోర్డు మార్చాలన్నాడు. ఇంటికొచ్చి వెనకాల టార్చి వేసి చూస్తే స్పీకర్ వైరు కొసలు పచ్చగా చిలుము పట్టి పెళుసైపోయాయి, అందులో ఒక్క రాగి పోగు విరిగి, వెంట్రుకంత ముక్క ఎరుపు టెర్మినల్‌కీ నలుపు టెర్మినల్‌కీ మధ్య వంతెన కట్టింది. అంతే రోగం.

అందుకే ప్లగ్ తీసేసి, స్పీకర్ వైర్లన్నీ విప్పేసి, హెచ్‌డీఎంఐ కేబుళ్లు కూడా పీకేసి, ఒట్టి రిసీవర్‌ని ఒక్కసారి ఆన్ చేయండి. నిలబడిందా? అయితే తప్పు బయటే ఉంది. ప్రతిసారీ ఆఫ్ చేసుకుంటూ ఒక్కొక్క స్పీకర్ కలిపి చూస్తే దొంగ దొరుకుతాడు. చిలుము పట్టిన కొసను అంగుళంన్నర కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలితిప్పి బిగించండి. హెచ్‌డీఎంఐ పెట్టాకే తనంతట తాను ఆన్, ఆఫ్ అవుతుంటే టీవీ సెట్టింగుల్లో సీఈసీ (ఒకటి ఆన్, ఆఫ్ చేస్తే ఆ కేబుల్ ద్వారా రెండోదీ అయ్యే ఏర్పాటు) ఆపి చూడండి.

బాగానే పాడి పాడి కాసేపటికి ఆగిపోతుంటే వేడి. షోకేసు అరలో ఇరికించి, పైన సెట్ టాప్ బాక్సు పెట్టి, దాని మీద క్రోషా గుడ్డ కప్పితే ఏ మిషనైనా ఏం చేస్తుంది పాపం. పైన నాలుగైదు అంగుళాలు ఖాళీ ఉంచండి. రిసీవర్ 6 ఓమ్స్ కంటే తక్కువ వద్దంటుంటే 4 ఓమ్స్ స్పీకర్లు తగిలించినా ఇదే గొడవ, ఓమ్స్ అంకె తగ్గేకొద్దీ రిసీవర్ మీద భారం పెరుగుతుంది.

వైర్లన్నీ తీసినా ఆరిపోతోందా? అప్పుడు తప్పు లోపలే, ఎక్కువగా స్పీకర్లకు కరెంటు తోసే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లో, కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ ఉబ్బడమో. మూత విప్పకండి. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత వోల్టేజి నిలిచి ఉండొచ్చు. ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టె రేకు చుట్టే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వాళ్లని దగ్గరికి రానివ్వకండి. ఫ్యూజు గాజు నల్లగా మాడిపోయి ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే, కొత్తది వేసినా అదీ పోతుంది.

షాపుకి తీసుకెళ్తే "ఆన్ కావట్లేదు" అని ఊరుకోకండి. లైటు ఎన్నిసార్లు మినుకుమందో, టక్ వచ్చిందో లేదో, వైర్లు తీశాక ఏమైందో చెప్పండి, ఫోన్లో వీడియో తీసుంటే ఇంకా మంచిది. అతను కరెంటు లైన్లో మధ్యన ఒక బల్బు (సీరీస్ బల్బు) పెట్టి ఆన్ చేస్తే ధైర్యంగా ఇవ్వొచ్చు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే ఫర్వాలేదు, అలాగే భగభగా వెలుగుతుంటే లోపల షార్ట్. మీ ముందే చూపించమనండి, మార్చిన పార్టు కూడా అడిగి తెచ్చుకోండి.

ఇంటికి తెచ్చాక ఒక అలవాటు చేసుకోండి: కరెంటు పోగానే ప్లగ్ తీసేయండి, వచ్చి నిలదొక్కుకున్నాక పది నిమిషాలకు పెట్టండి. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి.