వీడియో కంప్రెషన్: నాణ్యత, వేగం, సైజు తేడా కొట్టినప్పుడు ఏం చూడాలి

ఎన్‌కోడింగ్ సెట్టింగ్స్‌తో తంటాలు పడేవాళ్లలో చాలామందికి ఇబ్బంది పోలిక దగ్గరే మొదలవుతుంది. సీఆర్‌ఎఫ్ (నాణ్యత స్థాయిని చెప్పే అంకె) మార్చారు, ప్రీసెట్ (ఎన్‌కోడర్ వేగం ఎంచుకునే సెట్టింగ్) మార్చారు, పనిలో పనిగా కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) కూడా మార్చారు. ఫైలు సగమైంది సరే, దేనివల్ల సగమైందో ఎలా తెలుస్తుంది? అందుకే ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు గంటల వీడియో మొత్తం మీద ప్రయోగాలు వద్దు. అందులోంచి 30 సెకన్ల ముక్కలు మూడు తీసుకోండి: కదలిక ఎక్కువున్నది ఒకటి, చీకటి సీను ఒకటి, ముఖం దగ్గరగా కనిపించేది ఒకటి. వాటిని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కాపీ మోడ్‌లోనే కోయండి.

సమస్య: ప్రీసెట్ స్లోలో పెట్టినా బొమ్మ మెరుగుపడలేదు

నేను కూడా మొదట్లో గంటన్నర వీడియోకి వెరీస్లో పెట్టి రాత్రంతా కంప్యూటర్‌ని వదిలేశాను. పొద్దున్నే రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి, ఒకే ఫ్రేము దగ్గర ఆపి, జుట్టు పోగులు, చొక్కా నేత అన్నీ వెతికాను. తేడా కనపడలేదు. ఫైలు సైజు మాత్రం తగ్గింది.

కారణం: నాణ్యత ఎంత ఉండాలో చెప్పేది సీఆర్‌ఎఫ్. ప్రీసెట్ చెప్పేది ఆ నాణ్యతని తక్కువ బిట్లలో సర్దడానికి ఎన్‌కోడర్ ఎంతసేపు వెతకాలి అని. కాబట్టి సీఆర్‌ఎఫ్ కదపకుండా ప్రీసెట్ ఒక్కటే నెమ్మది చేస్తే లాభం ఎక్కువగా సైజులో కనిపిస్తుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. హెచ్.264 కోడెక్‌కి వాడే ఎన్‌కోడర్ ఎక్స్‌264లో ఒకే సీఆర్‌ఎఫ్‌కి వెరీఫాస్ట్ ఫైలు కొన్నిసార్లు మీడియం కంటే చిన్నదిగా వస్తుంది. అది చూసి 'వేగమూ ఎక్కువే, సైజూ తక్కువే' అని సంబరపడకండి, ఆ ఫైల్లో నాణ్యత కూడా తగ్గి ఉంటుంది.

పరిష్కారం: సైజులు సమానం చేసి అప్పుడు నాణ్యత పోల్చండి. రెండు ప్రీసెట్లకీ ఒకే బిట్‌రేట్ (సెకనుకి ఎన్ని బిట్లు) ఇచ్చి టూ-పాస్ (వీడియోని రెండుసార్లు చదివి బిట్లు పంచే పద్ధతి) నడపడం తేలికైన దారి. సీఆర్‌ఎఫ్‌తోనే చేయాలంటే, రెండు ఫైళ్ల సైజూ దాదాపు ఒకటయ్యేదాకా ఒకదాని అంకెని అర చొప్పున జరుపుతూ పోండి. సీఆర్‌ఎఫ్‌ని ఆరు పెంచితే బిట్‌రేట్ సుమారు సగమవుతుందని లెక్క పెట్టుకుంటే ఊహించడం సులువు. అలాగే కోడెక్ మారితే ఈ అంకెలకి పొంతన ఉండదు. ఎక్స్‌264 డిఫాల్ట్ 23, ఎక్స్‌265 (హెచ్.265 ఎన్‌కోడర్) డిఫాల్ట్ 28. ఏవీ1 కోడెక్‌కి వాడే ఎస్‌వీటీ-ఏవీ1లో అయితే స్కేలే వేరు.

నా మట్టుకు, దాచుకునే వీడియోలకి స్లో దగ్గర ఆగిపోతాను. అన్నిటికంటే నెమ్మదైన ప్లసీబో ప్రీసెట్ జోలికి అసలు వెళ్లను. అది తినే సమయానికి తగ్గ ఫలితం ఇవ్వదు.

సమస్య: చీకటి సీన్లలో గళ్లు, ఆకాశంలో చారలు

దీపం వెలుగు గోడ మీద మెల్లగా పలచబడే షాట్ తీసుకోండి. ఒరిజినల్‌లో నునుపుగా ఉన్న ఆ వెలుగు, ఎన్‌కోడ్ అయ్యాక మెట్లుమెట్లుగా, ఒకదాని పక్కన ఒకటి ఉంగరాల్లా కనిపిస్తుంది.

కారణం: 8-బిట్ వీడియోలో మామూలుగా వెలుగుకి వాడే స్థాయిలు 16 నుంచి 235 వరకే. చీకటి గోడ వాటా అందులో కొన్ని స్థాయిలే. దానికితోడు నల్లటి చదునైన చోట ఎన్‌కోడర్ బిట్లు పొదుపు చేస్తుంది. మిగిలిన ఆ కొద్దిపాటి తేడాని కూడా చెరిపేస్తుంది.

పరిష్కారం: ముందు ఒరిజినల్‌ని అదే ఫ్రేము దగ్గర ఆపి చూడండి. చారలు అందులోనే ఉంటే ఏ సీఆర్‌ఎఫ్ కూడా వాటిని తీసేయలేదు, చారల్ని నునుపు చేసే డీబ్యాండ్ ఫిల్టర్ వాడాలి. ఒరిజినల్ శుభ్రంగా ఉంటే, సోర్స్ 8-బిట్ అయినా సరే, ఎక్స్‌265లోగానీ ఏవీ1లోగానీ 10-బిట్‌లో (వెలుగు స్థాయిలు ఇంకా ఎక్కువ ఉండే రకం) ఎన్‌కోడ్ చేయండి. చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. ఎక్స్‌264తోనే ఉండాలంటే ఏక్యూ-మోడ్ 3 పెట్టండి, అది చీకటి చోట్లకి ఎక్కువ బిట్లు మళ్లిస్తుంది. హెచ్.264లో 10-బిట్ మాత్రం వద్దు. చాలా టీవీలు, ఫోన్లలోని హార్డ్‌వేర్ డీకోడర్లు దాన్ని ఆడించవు.

సమస్య: సీపీయూ ఖాళీగానే ఉంది, ఎన్‌కోడింగ్ మాత్రం నత్తనడక

అడ్డం పడేది చాలాసార్లు ఎన్‌కోడర్ కాదు. నాయిస్ తగ్గించే ఫిల్టర్ ఒక్క థ్రెడ్ మీదే, అంటే ఒక్క కోరునే వాడుకుంటూ నడుస్తుండొచ్చు. ఫైలేదీ రాయకుండా డీకోడింగ్, ఫిల్టర్లు మాత్రమే నడిపి వేగం చూడండి. అప్పుడూ నెమ్మదిగానే ఉంటే ప్రీసెట్ మార్చి లాభం లేదు.

అది వేగంగా ఉంటే కోర్ల సంగతి చూడాలి. ఎక్స్‌265 ఒక్కో ఫ్రేముని 64 పిక్సెళ్ల ఎత్తు వరసలుగా పంచుకుని పని చేస్తుంది. 1080పి ఫ్రేములో అలాంటి వరసలు 17 మాత్రమే. కోర్లు చాలా ఉన్న మెషీన్‌లో అన్నిటికీ పని దొరకదు. అలాంటప్పుడు రెండు ఫైళ్లు ఒకేసారి నడపండి, మొత్తం పని త్వరగా తెములుతుంది.

ల్యాప్‌టాప్ మీద వేగం పోల్చేవాళ్లు ఇంకొకటి గమనించాలి. వేడెక్కాక ప్రాసెసర్ వేగం తగ్గుతుంది కాబట్టి రెండోసారి నడిపిన సెట్టింగ్ అన్యాయంగా ఓడిపోతుంది. మధ్యలో చల్లారనిచ్చి, ఈసారి వరస మార్చి మళ్లీ నడపండి.

సమస్య: గ్రాఫిక్స్ కార్డుతో చేస్తే చిటికెలో అయిపోయింది, కానీ ఫైలు పెద్దది

ఎన్వెంక్, క్విక్ సింక్ లాంటివి చిప్‌లోనే ఉండే ఎన్‌కోడర్లు. వేగం కోసం వెతుకులాట తగ్గించుకుంటాయి కాబట్టి అదే నాణ్యతకి సాధారణంగా ఎక్కువ బిట్లు అడుగుతాయి. లైవ్‌కి, స్క్రీన్ రికార్డింగ్‌కి అవే సరైనవి. ఏళ్ల తరబడి దాచుకునే ఫైలుకి మాత్రం సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడరే నయం.

సమస్య: వీమాఫ్ స్కోరు ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి చెబుతోంది

వీమాఫ్ అంటే కుదించిన వీడియో నాణ్యతని ఒరిజినల్‌తో పోల్చి స్కోరు ఇచ్చే కొలమానం. నెట్‌ఫ్లిక్స్ 2016లో బయటపెట్టిన ఇది పనికొచ్చేదే, కానీ వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. స్కోరు మరీ ఘోరంగా పడిపోతే ముందు అనుమానించాల్సింది ఫ్రేముల వరస. రెండు వీడియోల మధ్య ఒక్క ఫ్రేము జరిగినా కదలిక ఉన్న సీన్లలో స్కోరు కుప్పకూలుతుంది. రెండో అనుమానం, స్కోరు లెక్కించే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ టూల్‌కి ఫైళ్లు తారుమారుగా ఇవ్వడం. కుదించినది ముందు, ఒరిజినల్ తర్వాత ఇవ్వాలి.

స్కోరు బాగుండి బొమ్మ బాగాలేకపోతే తప్పు సగటులో ఉంది. వేల ఫ్రేములు బాగుంటే పాడైన యాభై ఫ్రేములు సగటులో కలిసిపోతాయి. ఫ్రేము వారీ లాగ్ తీసి, అట్టడుగున ఉన్న పది ఫ్రేములు తెరిచి కళ్లతో చూడండి. సెట్టింగ్ ఉంచాలో మార్చాలో నేను వాటిని చూశాకే తేల్చుకుంటాను.

సమస్య: ఫైలు ఫలానా సైజు దాటకూడదు, సీఆర్‌ఎఫ్‌తో కుదరడం లేదు

సీఆర్‌ఎఫ్ సైజుకి హామీ ఇవ్వదు. టూ-పాస్ వాడండి. 10 నిమిషాల వీడియో 100 ఎంబీలో ఇమడాలంటే, 8,00,000 కిలోబిట్లని 600 సెకన్లతో భాగిస్తే సుమారు 1,333 వస్తుంది. ఆడియోకి 128 తీసేస్తే వీడియోకి మిగిలేది 1,205 కేబీపీఎస్. కంటైనర్ (వీడియో, ఆడియోని కలిపి ఉంచే ఫైలు తొడుగు) కోసం కొంచెం వదిలి 1,180 పెట్టండి. ఆ బిట్‌రేట్‌కి 1080పి మసకబారితే 720పికి దించి చూడండి. తక్కువ బిట్లలో గళ్లు పడిన పెద్ద బొమ్మ కన్నా నునుపుగా ఉన్న చిన్న బొమ్మే చూడబుద్ధవుతుంది.