ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఇక ఏపీ ఈఏపీసెట్ సంగతి చూద్దాం

ముందు ఒక పని చేయండి. భీమవరంలో బావ వాడాడని, రాజమండ్రిలో ఎవరో ఇచ్చారని పోగేసిన మెటీరియల్ అంతా అటకెక్కించేయండి. ఈ కొద్ది వారాలకి మీ ఇంటర్ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు చాలు, అవి కూడా పూర్తిగా చేసేవాళ్లు తక్కువే.

ఇంజినీరింగ్ పేపర్‌లో 160 బిట్లు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. నన్నడిగితే కెమిస్ట్రీతో మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో వచ్చిన బిట్టు అర నిమిషంలో అయిపోతుంది, రానిది పావుగంట కూర్చున్నా రాదు, అందుకని అరగంటలో ఆ 40 దాటేయొచ్చు. ఫిజిక్స్‌కి 45 నిమిషాలు. మిగిలిందంతా మ్యాథ్స్‌కి.

మ్యాథ్స్‌లో ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం అలవాటు చేసుకోండి. 1×2 + 2×3 + 3×4 అంటూ ఎన్ పదాల మొత్తం అడిగాడనుకోండి, సాధిస్తూ కూర్చోకండి. ఆప్షన్లలో ఎన్ బదులు 1 పెడితే 2 రావాలి. ఇంకా రెండు ఆప్షన్లు మిగిలితే ఎన్ బదులు 2 పెట్టండి, 8 వచ్చిందే జవాబు. కాలేజీలో సారు స్టెప్పులు రాయమన్నది ఇంటర్ పరీక్షకి, ఇక్కడ మీ స్టెప్పులు చూసేవాళ్లు ఎవరూ లేరు.

గ్రాండ్ టెస్టులు పేపర్ మీద రాసి ఊరుకోవద్దు. అసలు పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి అధికారిక సైట్‌లో ఉచితంగా పెట్టే మాక్ టెస్టు రాయండి, ఇంట్లో సిస్టమ్ లేకపోతే నెట్ సెంటర్‌కి వెళ్లి అయినా సరే, మీ షిఫ్ట్ ఏ పూట పడితే ఆ పూటే. మధ్యాహ్నం షిఫ్ట్ అయితే మే ఎండకి అన్నం తినగానే కళ్లు మూతలు పడతాయి, ఆ సంగతి ముందే తెలియడం మంచిది. ప్రతి టెస్టు తర్వాత తప్పులు రెండు రకాలుగా విడదీయండి, తెలియక పోయినవి, కంగారులో పోయినవి. రెండో రకానికి మళ్లీ చాప్టర్ చదవక్కర్లేదు.

ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంటూ వచ్చింది, ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఎలా ఉందో చూసుకోండి. ఆ లెక్కన ఇంటర్‌లో 5 శాతం తగ్గితే పోయేది వందకి 1.25 మాత్రమే, మిగతా 75 శాతం ఈ పరీక్షదే కాబట్టి ఇక్కడ 8 బిట్లు ఎక్కువ చేస్తే 3.75 వస్తుంది. అయిపోయిన పేపర్ల టెన్షన్ వదిలేయండి.

పరీక్షలో చివరి ఐదు నిమిషాలు కొత్త లెక్క ముట్టుకోవద్దు. ఖాళీగా ఉన్నవాటన్నింటికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టి సేవ్ నొక్కండి, నొక్కకపోతే పెట్టనట్టే.

ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. అమలాపురం వైపు వాళ్లకి సెంటర్ కాకినాడలో పడితే ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్లేటప్పుడు, రాజమండ్రి అయితే రావులపాలెం దగ్గర ట్రాఫిక్ ఇబ్బంది ఉండొచ్చు, పెళ్లి ముహూర్తాల రోజైతే మరీనూ, గంట ఎక్కువ వేసుకుని బయల్దేరండి.