తప్పెట మోతలో మాట వినబడాలంటే కంప్రెసర్ ఎలా వాడాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జానపదాలు ఇప్పుడు ఇళ్లల్లోనే రికార్డయి యూట్యూబ్‌కి ఎక్కుతున్నాయి. చాలావాటిలో గొంతు బాగుంటుంది, తప్పెట అదిరిపోతుంది, చరణం చివరి మాట మాత్రం వినబడదు. ఎత్తుగడలో గొంతెత్తి, ఊపిరి అయిపోయే వేళకి తగ్గిపోతుంటే ఆ మాట వాయిద్యాల కింద మునిగిపోతుంది. ఆ హెచ్చుతగ్గుల మధ్య దూరం తగ్గించడమే కంప్రెసర్ పని. దాన్ని సౌండు పెంచే సాధనంగా వాడితే పాట పాడవుతుంది.

ముందు రికార్డింగ్ దగ్గర ఫ్యాన్ ఆపండి. ఉక్కగా ఉన్నా సరే. కంప్రెసర్ పెద్ద శబ్దాల్ని అణిచాక మనం మొత్తం ట్రాక్‌ని పైకి తెస్తాం కదా, ఫ్యాన్ హోరు కూడా దాంతోపాటే వస్తుంది. తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకన్నా కింది శబ్దాన్ని తగ్గించే ఫిల్టర్) పెట్టండి. ఎక్కడైనా ఒక్క మాట అరుపులా వస్తే ఆ ముక్క వాల్యూమ్‌ని ముందే చేత్తో తగ్గించండి.

ఇప్పుడు గొంతు ట్రాక్ మీద కంప్రెసర్ పెట్టి రేషియో 3:1, అటాక్ (అణచడానికి పట్టే సమయం) 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (అణచడం వదిలేయడానికి పట్టే సమయం) 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి. 3:1 అంటే థ్రెషోల్డ్‌ని (కంప్రెసర్ అణచడం మొదలుపెట్టే స్థాయిని) 6 డెసిబెల్స్ దాటిన శబ్దం 2 మాత్రమే దాటి బయటికొస్తుంది. గట్టిగా పాడిన చోట, ఎంత అణిచిందో చూపే గెయిన్ రిడక్షన్ మీటర్ 4 నుంచి 6 డెసిబెల్స్ చూపించేదాకా థ్రెషోల్డ్ దించండి. మెల్లగా పాడిన చోట ముల్లు కదలకూడదు.

అసలు పనితనం అటాక్, రిలీజ్‌ల దగ్గరే ఉంది. చెవికి తేడా తెలియకపోతే రేషియోని కాసేపు 10:1 చేసి, థ్రెషోల్డ్ బాగా దించేయండి. అటాక్‌ని 1 మిల్లీసెకనుకి తెస్తే క, ట, ప లాంటి అక్షరాల మొదటి దెబ్బ అరిగిపోయి, గొంతు తప్పెట వెనక్కి పోతుంది. 20, 30కి పెంచుతుంటే అక్షరాలు మళ్లీ పైకి తేలతాయి. రిలీజ్ మరీ వేగంగా ఉంటే ఊపిరి తీసిన చప్పుడు ఎగదన్నుతుంది. మరీ నెమ్మదైతే ఇంకా నష్టం: ఎత్తుగడలో అణిగిన గొంతు చివరి మాట దాకా అణిగే ఉంటుంది. మనం కాపాడాలనుకున్న మాటే పోతుందన్నమాట. ఆ మాట వచ్చేలోపు ముల్లు సున్నాకి చేరేలా చూసుకుని, రేషియో, థ్రెషోల్డ్ మళ్లీ పాత చోటికి తెచ్చేయండి.

ఒక్కదానితోనే 8, 10 డెసిబెల్స్ నొక్కే బదులు రెండు కంప్రెసర్లు వరసగా పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. మొదట 1176 అనే పాత కంప్రెసర్ రకంతో వేగంగా 3 డెసిబెల్స్, తర్వాత ఎల్‌ఏ-2ఏ అనే మరో పాత కంప్రెసర్ రకంతో నెమ్మదిగా 3 నొక్కుతాను. 1967లో వచ్చిన ఆ 1176లో అటాక్, రిలీజ్ నాబ్‌లు కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. దాన్ని అనుకరించే ప్లగిన్లలోనూ సాధారణంగా అంతే, చూసుకోండి.

తప్పెటకి అటాక్ 30 దాకా ఇవ్వండి, చేతి దెబ్బ తగ్గకుండా బయటికి రావాలి. పాట వేగం నిమిషానికి 120 దెబ్బలైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య 500 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి, రిలీజ్ అంతకంటే తక్కువుండాలి. గజ్జెలు అదే మైకులో పడితే ఎక్కువ నొక్కకండి, గలగల అంతా ముందుకొచ్చేస్తుంది. జముకుకి 2:1 చాలు. వయొలిన్‌కీ అంతే, 2 డెసిబెల్స్ మించొద్దు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు సంగీత కళాశాలలో పాఠం చెప్పిన విజయనగరంలో, కమాను ఒత్తిడితో వచ్చే హెచ్చుతగ్గులే సంగీతమని వేరే చెప్పక్కర్లేదు.

చివరగా, కంప్రెసర్ ఆన్, ఆఫ్ చేస్తూ రెండింటి సౌండూ సమానంగా ఉండేలా మేకప్ గెయిన్ (అణిచాక తగ్గిన సౌండుని పైకి తెచ్చే నాబ్) సర్దండి. పెద్దగా వినబడేదే మంచిదనిపించడం చెవి గుణం. తర్వాత ఫోన్ స్పీకర్‌లో చిన్న సౌండుతో వినండి. చివరి మాట ఇంకా అందకపోతే కంప్రెసర్ జోలికి వెళ్లకుండా, ఆ ఒక్క మాట దగ్గర ఆటోమేషన్‌తో (పాట నడుస్తుండగా వాల్యూమ్ దానంతటదే మారేలా చేసే ఏర్పాటుతో) ఫేడర్‌ని 1, 2 డెసిబెల్స్ పైకి జరపండి.