ఇంటర్నెట్ స్వయం పాఠాలు – 4: చిరునామాను కుడి నుంచి చదవడం

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. ఇంట్లోనూ వీధిలోనూ ఇంటర్నెట్‌తో ముడిపడిన వస్తువులన్నీ నోటుపుస్తకంలో రాయమన్నాను. ఫోను, లాప్‌టాప్, టీవీ వరకు అందరూ రాసే ఉంటారు. విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర నేను సాయంత్రాలు పాఠం చెప్పే పిల్లల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కిరాణా కొట్టులో "వంద రూపాయలు అందాయి" అని అరిచే డబ్బాను కూడా రాసింది. ఆమెకు పూర్తి మార్కులు వేశాను. అలాంటి డబ్బాల్లో చాలావాటికి సొంత సిమ్ కార్డు ఉంటుంది. కొట్టు యజమాని ఫోను ఇంట్లో మరిచిపోయి వచ్చినా అది పలుకుతూనే ఉంటుంది. మీ జాబితాలో లేకపోతే ఇప్పుడు చేర్చుకోండి.

ఈ రోజు పాఠానికి నోటుపుస్తకం, పెన్సిలు, ఇంట్లో ఎవరిదైనా ఒక ఫోను కావాలి. ఫోనుతో పని చివర్లోనే. అప్పటిదాకా దాన్ని బోర్లా పెట్టండి.

నా తప్పుతో మొదలు

కొన్నేళ్ల కిందటి మాట. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నేను ఆర్టీసీ కాంప్లెక్సులో గాజువాక బస్సు కోసం నిలబడి ఉన్నాను. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లింకు పంపారు. దాని మొదట్లో పరీక్షల బోర్డు పేరు కనిపించింది. అది చాలనుకున్నాను. తెరుచుకున్న పేజీలో మా మేనకోడలి హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు నింపాను. "కాసేపాగి ప్రయత్నించండి" అని వచ్చింది. ఎంత ఆగినా అదే మాట. మార్కులు చివరికి అసలు వెబ్‌సైటులో చూసుకున్నాం.

ఆ మర్నాటి నుంచి రెండు నెలల పాటు ఆ పిల్లకు ఒకటే ఫోన్లు. మా కాలేజీలో సీటుంది, మా హాస్టల్లో గది ఉంది అని. ఒక్క రూపాయి కూడా పోలేదు, నిజమే. కానీ పదిహేనేళ్ల పిల్ల పుట్టినరోజును, ఫోను నంబరును తీసుకెళ్లి ఊరూ పేరూ తెలియనివాళ్ల చేతిలో పెట్టింది నేను. నలుగురికీ చదువు చెప్పేవాణ్ణి, ఒక్క వరుస చిరునామా సరిగా చదవలేకపోయాను. ఈ పాఠం అక్కడ పుట్టింది.

పోస్టుమాన్ ఎటు నుంచి చదువుతాడు

నోటుపుస్తకంలో మీ ఇంటి చిరునామా రాయండి. పేరు, డోరు నంబరు, వీధి, పేట, విశాఖపట్నం, చివర పిన్‌కోడు. ఇప్పుడు ఆలోచించండి: గుంటూరులో డబ్బాలో వేసిన ఉత్తరం మీ ఇంటికి చేరాలంటే దారిలో ఎవరు ఏ వరుస చదువుతారు?

అక్కడ ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి మీ పేరుతో పనిలేదు. అతని కన్ను నేరుగా అడుగు వరుస మీద పడుతుంది. 1972 ఆగస్టు 15 నుంచి మనకు పిన్‌కోడు ఉంది. అందులో మొదటి అంకె 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. మొదటి మూడూ 530 అయితే విశాఖపట్నం. మిగిలిన మూడు అంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయి. ఉత్తరం ఆ పోస్టాఫీసుకు చేరాకే పోస్టుమాన్ వీధి చూస్తాడు, తరవాత డోరు నంబరు, అన్నిటికంటే చివర పేరు. మనం పైనుంచి కిందికి రాశాం, తపాలా శాఖ కిందినుంచి పైకి చదివింది.

వెబ్ చిరునామా కథ కూడా ఇదే. కాకపోతే అది ఒకే వరుసలో ఉంటుంది కాబట్టి కింద అన్నచోట కుడి అనుకోండి. ఒకప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ ఒకే ఒక్క ఫైలులో ఉండేవి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని చూసుకునేవారు. కంప్యూటర్లు పెరిగాక ఆ పద్ధతి మోయలేని బరువైంది. 1983లో పాల్ మాకపెట్రిస్ అనే శాస్త్రవేత్త పేర్లను అంచెలంచెలుగా పంచిపెట్టే ఏర్పాటు రూపొందించాడు. డీఎన్ఎస్ అంటారు దాన్ని. ఇవాళ్టికీ నడుస్తున్నది అదే.

మన పదో తరగతి బోర్డు చిరునామా తీసుకుందాం. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

బీఎస్ఈ.ఏపీ.జీఓవీ.ఇన్

దీన్ని వెతికే యంత్రం ముందుగా "ఇన్" ఎవరి దగ్గరుందని అడుగుతుంది. అది భారతదేశానికి కేటాయించిన తోక. ఆ తరవాత "జీఓవీ", అంటే ప్రభుత్వం. తరవాత "ఏపీ". ఆఖరున "బీఎస్ఈ", అంటే పరీక్షల బోర్డు. ఒకసారి తెలుసుకున్న దాన్ని కొంతసేపు గుర్తుపెట్టుకోవడం వంటి సౌకర్యాలు మధ్యలో ఉన్నాయి కానీ, చదివే దిక్కు మాత్రం మారదు. కుడి నుంచి ఎడమకు.

మన కన్ను ఎడమ నుంచి మొదలవుతుంది. పైగా రెండు మూడు ముక్కలు చూసి మిగతాది ఊహించుకునే అలవాటు దానికి ఉంది. యంత్రం కుడి నుంచి, మనిషి ఎడమ నుంచి. మోసగాడు కొట్టు తెరిచింది సరిగ్గా ఆ సందులోనే. ఆ రోజు బస్టాండులో నేను చూసింది ఎడమ కొస మాత్రమే.

ఇంకో పోలిక చెబితే మీకు బాగా గుర్తుంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. వెబ్ చిరునామాకు ఇంటిపేరు చివర ఉంటుంది.

పెన్సిలుతో గీత గీయండి

చిరునామా సాధారణంగా హెచ్‌టీటీపీఎస్ అని మొదలై, రెండు చుక్కలు నిలువుగా, వాటి పక్కన రెండు ఏటవాలు గీతలు ఉంటాయి. అక్కడి నుంచి ముందుకు వెళ్తూ మళ్లీ ఒక ఏటవాలు గీత ఎక్కడ తగులుతుందో చూడండి. ఆ మూడో గీత దగ్గర పెన్సిలుతో నిలువు గీత గీయండి. దాని కుడివైపున ఉన్నదంతా ఇంటి లోపలి సంగతి. ఇంటివాడు తన గోడ మీద ఏ పేరు రాసుకుంటే ఎవరు కాదంటారు? అక్కడ ప్రభుత్వం పేరున్నా, బ్యాంకు పేరున్నా లెక్కలోకి తీసుకోవద్దు.

ఇప్పుడు పెన్సిలు గీత మీద వేలు పెట్టి ఎడమవైపు నడవండి. మొదట తగిలే మాట, దాని ముందు మాట. ఈ రెండూ కలిస్తే ఇంటిపేరు. చివరి రెండు మాటలు "జీఓవీ.ఇన్", "సీఓ.ఇన్", "ఈడీయూ.ఇన్" వంటివైతే అవి పేట పేర్లు మాత్రమే, ఇంటిపేరు తెలియాలంటే ఇంకో మాట ఎడమకు నడవాలి. అంతకంటే ఎడమకు ఉన్నవన్నీ గదుల పేర్లు. ఇంటివాడి ఇష్టం. వంటగదికి "కలెక్టరు కార్యాలయం" అని బోర్డు కట్టుకున్నా అది వంటగదే.

పేటల్లో కొన్నింటికి కాపలా ఉంది. "డాట్ కామ్", ఉత్త "డాట్ ఇన్" పేర్లను ఏడాదికి కొంత డబ్బు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. "జీఓవీ.ఇన్" మాత్రం ప్రభుత్వ సంస్థలకే. మహా విశాఖ నగరపాలక సంస్థ వెబ్‌సైటు దానితోనే ముగుస్తుంది. "ఈడీయూ.ఇన్", "ఏసీ.ఇన్" విద్యాసంస్థలకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం చిరునామా చివర ఉన్నది "ఈడీయూ.ఇన్". బ్యాంకుల సంగతి కొత్తది. 2025 అక్టోబరు 31 లోగా అన్ని బ్యాంకులూ "బ్యాంక్.ఇన్" తోకకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థది. నా ఉద్దేశంలో సామాన్యుడికి ఇది వంద హెచ్చరిక ప్రకటనల కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఎందుకంటే తోక చూసి చెప్పగలం.

తెలుగు అక్షరాల్లోనే చిరునామా పెట్టుకునే వీలు కూడా ఉంది తెలుసా? "డాట్ భారత్" అనే తోక తెలుగు లిపిలో ఉంది. యంత్రం లోపల మాత్రం అది "ఎక్స్ఎన్" అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మారిపోతుంది. మీరు ఇంగ్లీషు చిరునామా అనుకున్నది ఎప్పుడైనా అలా "ఎక్స్ఎన్" అని కనిపిస్తే, వేరే లిపిలోని అక్షరం ఏదో ఇంగ్లీషు అక్షరంలా వేషం వేసుకుందేమోనని అనుమానించండి. రష్యన్ లిపిలో "ఎ" అక్షరం ఇంగ్లీషు "ఎ"కు అచ్చు కవల. కంటికి ఒకటే, యంత్రానికి వేరు.

అభ్యాసం

ఇంటర్నెట్ పెద్దలు "ఎగ్జాంపుల్.కామ్" అనే పేరును ఎవరికీ అమ్మకుండా, ఉదాహరణలు చెప్పుకోవడానికి పక్కన పెట్టారు. మన పాఠంలో పాపం దానికే దొంగ వేషం వేద్దాం. కింది నాలుగింటినీ నోటుపుస్తకంలోకి ఎక్కించి, ఒక్కొక్కటి ఎవరి ఇల్లో రాయండి. వీటిలో మొదటి హెచ్‌టీటీపీఎస్ ముక్క రాయలేదు, కాబట్టి మొదట తగిలే ఏటవాలు గీత దగ్గరే పెన్సిలు గీత గీయండి, గీతే లేకపోతే చిరునామా చివర. జవాబుల వైపు చూడవద్దు.

క. బీఎస్ఈ.ఏపీ.జీఓవీ.ఇన్.ఎగ్జాంపుల్.కామ్/ఫలితాలు
చ. ఎగ్జాంపుల్.కామ్/బీఎస్ఈ.ఏపీ.జీఓవీ.ఇన్
ట. బీఎస్ఈ-ఏపీ-జీఓవీ.ఇన్/ఫలితాలు
త. బీఎస్ఈ.ఏపీ.జీఓవీ.ఇన్@ఎగ్జాంపుల్.కామ్

రాశారా? "క" చాలామందిని పడేస్తుంది. నన్ను పడేసింది కూడా ఈ రకమే. ఏటవాలు గీత ముందు ఉన్నది ఎగ్జాంపుల్.కామ్, కాబట్టి ఇల్లు దానిది. ముందున్న నాలుగు మాటలూ గది పేర్లు. "చ"లో బోర్డు పేరు గీతకు కుడివైపున ఉంది, అంటే గోడ మీద రాత. "ట" మాయలాడి. అందులో చుక్క ఒక్కటే ఉంది, మిగతావన్నీ అడ్డగీతలు. అడ్డగీత మాటలను అతికిస్తుందే తప్ప విడదీయదు. కాబట్టి అంత పొడుగున్నదీ ఒకే మాట, అది "జీఓవీ.ఇన్" పేటలోనిది కాదు, ఎవరైనా కొనుక్కోగల ఉత్త "డాట్ ఇన్" పేరు. "త"లో ఈమెయిల్ చిరునామాల్లో కనిపించే గుర్తు ఉంది. చిరునామాలో దాని ముందున్నది వాడుకరి పేరుగా లెక్క, దారి చూపించేది కాదు. ఇల్లు మళ్లీ ఎగ్జాంపుల్.కామ్‌దే.

నాలుగూ తప్పయితే సిగ్గుపడాల్సిన పని లేదు. పెన్సిలు గీత గీయకుండా కంటితో చేసి ఉంటారు. మళ్లీ గీత గీసి చేయండి.

తాళం బొమ్మ

"సార్, తాళం బొమ్మ ఉంది కదా" అని ప్రతి తరగతిలో ఒకరు అడుగుతారు. చిరునామా పక్కన తాళం ఉంటే మీకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య దారిలో ఎవరూ తొంగిచూడలేరని అర్థం. అవతలివాడు మంచివాడని కాదు. ఉత్తరానికి లక్క సీలు వేసి దొంగ ఇంటికే పంపితే, సీలు చెక్కుచెదరకుండా దొంగకే అందుతుంది. ఆ సీలు ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది కూడా. జనం తాళాన్ని మంచితనానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజరు ఆ బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇప్పుడు ఫోను తీయండి

ఫోనులో పెద్ద చిక్కు తెర చిన్నది కావడం. పొడుగాటి చిరునామా సగమే కనిపిస్తుంది. ఆ కనిపించే సగంలో నమ్మదగిన పేరు పెట్టి, అసలు ఇంటిపేరును తెర అవతలికి తోసేయడం వాళ్ల పని. అందుకే లింకును ఠక్కున తాకకండి, వేలు ఆనించి కొంచెం సేపు పట్టి ఉంచండి. చాలా ఫోన్లలో పూర్తి చిరునామా గానీ, కాపీ చేసుకునే వీలు గానీ వస్తుంది. కాపీ చేసి మీకు మీరే రాసుకునే నోట్సులో అతికించి, అక్కడ తీరిగ్గా కుడి నుంచి చదవండి. పొడుగు చిరునామాకు బదులు వాడే పొట్టి లింకులైతే వాటిలో అసలు ఇంటిపేరు కనిపించదు. ముఖ్యమైన విషయానికి పొట్టి లింకు వస్తే దాన్ని వదిలేసి, తెలిసిన చిరునామాను చేత్తో టైపు చేసుకోవడం నయం. ఫలితాల రోజున ఎన్ని లింకులు వచ్చినా నేను ఇప్పుడు చేసేది అదే.

ఇంత చదివాక కూడా ఎప్పుడో ఒకప్పుడు తొందరలో తాకేస్తారు. అప్పుడు ఆ మెసేజ్ తుడిచేయకండి, తెర ఫొటో తీసుకుని ఇంట్లో చెప్పండి. డబ్బు పోతే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు రాయడానికి కేంద్ర హోం శాఖ వెబ్‌సైటు ఉంది: సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్. తోక చూశారుగా. పిల్లలను ఎవరైనా ఆన్‌లైనులో బెదిరిస్తే, వేధిస్తే పిల్లల సహాయ నంబరు 1098. ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట: పిల్ల వచ్చి చెప్పినప్పుడు మొదటి మాటగా తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పదు, మోసగాడికి కావలసిందీ అదే.

వచ్చే పాఠానికి పని

మీ వీధిలో పెద్దవాళ్లతో కలిసి వెళ్లి ఐదు క్యూఆర్ గుర్తులు వెతకండి. బీచ్ రోడ్డులో మురీమిక్చర్ బండి మీదిది, గోడ మీది కోచింగ్ ప్రకటనలోది, బిస్కెట్ పొట్లం మీదిది, ఏదైనా సరే. పేమెంటు యాప్‌తో కాకుండా ఫోను కెమెరాతో స్కాన్ చేయండి. తెర మీద మాటలు రాగానే ఆగిపోండి, తాకవద్దు. కనిపించిన వరుసను ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో ఎక్కించి, పెన్సిలు గీత గీసి ఇంటిపేరు కింద గీటు పెట్టండి. బండి మీది గుర్తు మాత్రం హెచ్‌టీటీపీఎస్ అని కాక "యూపీఐ" అని మొదలవుతుంది, లేదా ఫోను నేరుగా ఏ యాప్‌తో తెరవాలని అడుగుతుంది. అది వెబ్ చిరునామా కాదు, ఒకరి ఖాతాకు దారి. దాన్ని ఎలా చదవాలో, డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నంబరు ఎందుకు అక్కర్లేదో ఐదో పాఠంలో చూద్దాం. ఆ వరుస పక్కన ప్రస్తుతానికి ఒక ప్రశ్న గుర్తు వేసి ఉంచండి.