బిడ్డ మన మీదే చేయి చేసుకుంటే

మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటన్నర గడిపి ఇంటికి చేరిన తల్లి ఆత్రంగా ఎత్తుకోగానే, ఏడాదిన్నర బిడ్డ ఆమె చెంప మీద ఛెళ్లున కొట్టడం బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలో కొత్త సంగతి కాదు. దెబ్బ కన్నా, నా బిడ్డ నన్నే కొట్టిందన్న బాధే ఎక్కువగా గుచ్చుకుంటుంది. ఒకటి నుంచి మూడేళ్ల వయసులో ఇది మామూలే. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల వరకు పడుతుంది. కోపం చెప్పుకోవడానికి ఆ వయసులో మాటలూ చాలవు. పగలంతా ఎదురుచూసి అలసిన బిడ్డ, బాగా నమ్మిన మనిషి ఒడి చేరాక ఆ ఉక్రోషాన్ని చేతితో బయటపెడుతుంది.

చేయి మళ్లీ లేచినప్పుడు నొప్పి కలగకుండా, అయితే గట్టిగానే ఆపండి. "కొట్టకూడదు, నాకు నొప్పి" అని మామూలు గొంతుతో ఒక్కసారి చెప్పండి. నవ్వితే అది ఆటవుతుంది, అరిస్తే భయమవుతుంది, తిరిగి కొడితే పెద్దవాళ్లు చిన్నవాళ్లను కొట్టవచ్చన్న పాఠమవుతుంది. వెంటనే "ఫోన్ ఇవ్వలేదని కోపం వచ్చింది కదా" అని దాని మనసులోని మాటను మీరే పలికి, ఆ చేతినే పట్టుకుని మీ చెంపను మెల్లగా నిమిరించండి. ఆపినా కొడుతుంటే, "కొడుతున్నావు కాబట్టి దింపుతున్నాను" అని చెప్పి కింద కూర్చోబెట్టండి; గది వదిలి మాత్రం వెళ్లకండి. ఈ వయసులో బలవంతంగా సారీ చెప్పించడం వల్ల ఒరిగేది ఏమీ లేదని నా అభిప్రాయం.

అసలు కష్టం ఇంట్లోని మిగతావాళ్లతో వస్తుంది. అనంతపురం నుంచో కర్నూలు నుంచో మనవడిని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మ, వాడు పడగానే "నేల కొట్టిందా నాన్నా, ఉండు దాన్ని కొడదాం" అని నేల మీద చరుస్తుంది; తాతయ్య ముద్దుకొద్దీ "నాన్నను కొట్టు, చూద్దాం" అంటారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం, కానీ బాధ కలిగితే కొట్టాలనీ, కొడితే అందరూ మురిసిపోతారనీ బిడ్డ అక్కడే నేర్చుకుంటుంది. అందరి ముందూ కాకుండా విడిగా కూర్చుని, "అమ్మా, పడినప్పుడు నేలను కొట్టకుండా దెబ్బ తగిలినచోట నిమురుదాం" అని అడిగితే చాలామంది వింటారు. ఆయా కన్నడంలో "హొడీబేడ" (కొట్టొద్దు) అన్నా, మనం తెలుగులో చెప్పినా ఫరవాలేదు. చేయి ఆపే పద్ధతి మాత్రం ఒకటే ఉండాలి.

నిద్ర చాలని రోజున ఇవన్నీ ఎక్కువవుతాయి. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర అవసరం. ఇంటికి రాగానే మొదటి పది నిమిషాలు బ్యాగు, ఫోను పక్కన పెట్టి నేల మీద బిడ్డ పక్కనే కూర్చుంటే, చాలా సాయంత్రాలు చేయి లేవకుండానే గడుస్తాయి.

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోయినా, పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, తలను గోడకేసి గట్టిగా కొట్టుకుంటున్నా, మూడేళ్లు దాటాక కొట్టడం తగ్గకుండా పెరుగుతున్నా, ముందు మీ పిల్లల డాక్టరుకు చెప్పండి. అవసరమైతే వారే హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ పిల్లల మానసిక వైద్య విభాగానికి పంపుతారు.