అప్‌డేట్ తర్వాత బ్రౌజర్ గేమ్ మొరాయిస్తే (నా అనుభవం)

నేనాడే గేమ్‌కి కొత్త అప్‌డేట్ వచ్చిన దగ్గర్నుంచి లోడింగ్ బార్ చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. ఎలాగో తెరుచుకున్నా మ్యాప్‌లో కొన్ని గడులు నల్లగా, బటన్ల మీద పాత బొమ్మలే. మిగతా సైట్లు చకచకా వస్తున్నాయి కాబట్టి నెట్ తప్పు కాదు. అనుమానం క్యాష్ ఫైళ్ల మీదకు పోయింది. బొమ్మలు, శబ్దాలు, స్క్రిప్టులు ప్రతిసారీ దింపుకోకుండా బ్రౌజర్ మన డిస్క్‌లోనే దాచుకుంటుంది. సర్వర్‌లో కొత్తవి, మన దగ్గర పాతవి ఉంటే రెండింటికీ పొసగదు.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కాను, అలా చేస్తే దాచుకున్న ఫైళ్లను పక్కనపెట్టి పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. బటన్లు మారాయి గానీ నల్ల గడులు పోలేదు. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ నొక్కి, బ్రౌజర్ డేటా తుడిచే విండో తెరిచి, టైమ్ రేంజ్‌లో 'ఆల్ టైమ్' పెట్టి, 'క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' ఒక్కదానికే టిక్ ఉంచాను.

ఇక్కడ మాత్రం దయచేసి జాగ్రత్త. కుకీలు, సైట్ డేటా దగ్గర టిక్ తీసేయండి. ఉంచితే లాగిన్ పోతుంది. అకౌంట్ లేకుండా ఆడే చాలా గేముల్లో మనం దాటిన లెవెల్సన్నీ బ్రౌజర్‌లోనే సేవ్ అయి ఉంటాయి, అవీ తుడిచిపెట్టుకుపోతాయి. ఇష్టంగా ఆడేవాళ్లకి అంతకన్నా బాధ ఉండదు.

డేటా క్లియర్ చేసే బటన్ నొక్కి, గేమ్ ట్యాబ్ మూసి మళ్లీ తెరిచాను. ఫైళ్లన్నీ కొత్తగా దిగాలి కనుక మొదటిసారి కాస్త ఆలస్యమైంది. నల్ల గడులు పోయాయి, గేమ్ హాయిగా నడుస్తోంది. అలాగని రోజూ క్లియర్ చేయకండి, లోడింగ్ ఇంకా నెమ్మదిస్తుంది.