పెద్దవాళ్ల అంత్యక్రియల డబ్బు ముందే పక్కన పెడుతున్నారా, ఇవి చూసుకోండి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లల్లో ముసలివాళ్లు "నా ఖర్చుకి నేనే దాచుకుంటాను" అనడం మామూలే. అశుభం అనుకోకుండా వాళ్లు బాగున్నప్పుడే కూర్చుని మాట్లాడండి.

– ఆ డబ్బు వాళ్లొక్కరి పేరు మీదున్న ఖాతాలో ఉంచకండి. మా తాతయ్య పాస్‌బుక్కు మడతలో "కట్టెలకి, పదోరోజుకి" అని చీటీ రాసి పెట్టుకున్నాడు, కానీ నామినీ లేదు, ఆయన డబ్బు బ్యాంకులో ఉండగానే మేం అప్పు తెచ్చి దహనం చేశాం, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగే జాయింట్ ఖాతా పెట్టండి, నామినీ కూడా రాయించండి.

– ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో చివర ఉంటే, పేరు కలవలేదని తర్వాత ఇబ్బంది రాకుండా ఇప్పుడే సరిచేయించండి.

– ఎవరికైనా అడ్వాన్స్ ఇస్తే కట్టెలకెంత, బండికెంత, పురోహితుడికెంత అని విడివిడిగా రసీదు రాయించుకోండి. "అంతా మేమే చూసుకుంటాం" అన్న మాట నమ్మి మొత్తం ఒకేసారి కట్టేయకండి. వానాకాలంలో ఎండు కట్టెలు ఎవరిస్తారో అదీ అడగండి.

– తలకొరివి ఎవరు పెట్టాలి, కర్మలు ఎక్కడ చేయాలి, వాళ్ల నోటితోనే చెప్పించుకోండి.

– చేతిలో డబ్బు లేని కుటుంబాలకి అంత్యక్రియల ఖర్చుకి ఒడిశా ప్రభుత్వం సాయమిచ్చే, 2013లో మొదలైన హరిశ్చంద్ర సహాయత యోజన ఉంది, పంచాయతీలో అడగండి. మరణ నమోదు మాత్రం 21 రోజుల్లోపే చేయించండి.